గాబు ఖాళీ చేయాలా, ఊరు ఖాళీ చేయాలా?

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు నుంచి ఒక గృహిణి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాం. 2023 సెప్టెంబరు రెండో వారంలో, అప్పటికి ఏడేళ్ల వయసున్న ఆమె కొడుకుకు డెంగీ జ్వరం వచ్చింది. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించారు. జ్వరం దిగిన రోజే పిల్లవాడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోవడంతో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. పిల్లవాడు కోలుకున్నాడు, అప్పు మాత్రం ఇంకా తీరలేదు. కాల్వ వచ్చాక వరి ఇళ్ల వెనుక దాకా వచ్చిందని, దోమలకు అదే మూలమని, ఈ ఊళ్లో పిల్లవాడు దక్కడని ఆమె భర్త గట్టిగా నమ్ముతున్నారు. తమ్ముడు ఉంటున్న హయత్‌నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుందామని, అది కుదరకపోతే పిల్లవాణ్ని అచ్చంపేట వైపున్న అమ్మమ్మ ఊరికి పంపుదామని, అక్కడ కాల్వలు లేవని ఆయన వాదన.

అత్తమ్మ ఊరు కదలనంటున్నారు. పెరట్లో సిమెంటు గాబు, రెండు గోళేలు, ఒక నీలం డ్రమ్ము ఎప్పుడూ నిండుగా ఉండాలన్నది ఆమె పట్టుదల, ఎందుకంటే నల్లా ఒక రోజు వస్తుంది, రెండు రోజులు రాదు. ఈ వేసవిలో కోడలు ఒకనాడు గాబు నీళ్లు మొత్తం పారబోసింది. అత్తమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదట. వానలే పడని ఏడు డెంగీ ఎట్లా వచ్చింది, వాతావరణం మారిందంటున్నారు కాబట్టి ఇక ప్రతి ఏడూ ఇదే గతియా, ఊరు మారాలా, అత్తమ్మకు ఎట్లా చెప్పాలి అని ఆమె అడిగారు. గాబులో దోమల మందు వేస్తే ఆ నీళ్లు వాడుకోవచ్చా అని చివర ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటి ఉంది: "ఆ ఏడు కాల్వకు నీళ్లు సరిగా రాలేదు, మా దిక్కు సగం పొలాలు బీడే పడ్డయి." ముందుగా మీ వారితో కలిసి కూర్చుని ఈ వాక్యాన్ని మళ్లీ చదవండి. వరి పొలమే మీ అబ్బాయికి డెంగీ తెచ్చిందన్నది ఆయన నమ్మకం. కానీ పిల్లవాడు మంచాన పడిన ఏడాది మీ చుట్టూ ఉన్న వరి సగమే.

తేదీలను వెనక్కి లెక్కపెట్టి చూద్దాం. డెంగీ దోమ కుట్టిన తర్వాత జ్వరం బయటపడటానికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. అంటే పిల్లవాణ్ని ఆ దోమ సెప్టెంబరు మొదటి వారంలోనో, అంతకు కాస్త ముందో కుట్టి ఉంటుంది. ఆ దోమ అంతకుముందే మరో రోగిని కుట్టి, వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి చేరేదాకా బతికి ఉండాలి. మన ఆగస్టు వేడిలో దానికి వారం నుంచి పది రోజులు కావాలి. ఆ దోమ గుడ్డు నుంచి బయటపడి, నీళ్లలో పురుగుగా పెరిగి, రెక్కలు విప్పడానికి మరో వారం పది రోజులు. అన్నీ కలిపితే లెక్క ఆగస్టు నెల మధ్యకు చేరుతుంది. ఆ ఏడాది జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసి ఉత్తర తెలంగాణ మునిగిపోయింది గానీ, ఆ వెంటనే వచ్చిన ఆగస్టు 1901 నుంచి దేశంలో నమోదైన ఆగస్టులన్నింటిలోకి అతి తక్కువ వాన పడిన నెల. వాన లేదు, సగం మళ్లలో నీళ్లు లేవు. మరి ఆ దోమ ఏ నీళ్లలో పెరిగి ఉంటుంది? మనుషులు పట్టి దాచుకున్న నీళ్లలో. అది మీ గాబే అని నేను అనడం లేదు. పక్కింటి డ్రమ్ము కావచ్చు, బడి ట్యాంకు కావచ్చు, ఇల్లు కడుతున్న చోట గోడలు తడపడానికి నింపుకున్న తొట్టి కావచ్చు. ఈ దోమ పుట్టిన చోటి నుంచి సాధారణంగా కొద్ది వందల మీటర్లకు మించి ఎగరదు కనుక, దాని పుట్టిల్లు మీ అబ్బాయి ఇంటికో బడికో చేరువలోనే ఉంది.

మీ వారిని నేను తప్పుపట్టడం లేదు. సాయంత్రమయ్యేసరికి పొలం వైపు నుంచి దోమలు గుంపులుగా రావడం ఆయన కళ్లతో చూస్తున్నారు. అయితే ఆ గుంపు వేరు, డెంగీ దోమ వేరు. వరి మడిలో పుట్టే క్యూలెక్స్ దోమలు పొద్దుగుంకాక కుడతాయి. పందులు, కొంగలు ఉన్నచోట వాటిలో కొన్ని మెదడువాపు జ్వరాన్ని మోసుకురాగలవు, కాబట్టి రాత్రి దోమతెర కట్టడం మానవద్దు. డెంగీని, చికున్‌గున్యాను మోసే ఈడిస్ ఈజిప్టై దోమ నల్లగా, కాళ్ల మీద తెల్లని చారలతో ఉంటుంది. పొలం గట్టు దానికి పట్టదు, ఇంటి నీడే ఇష్టం. పొద్దున, సాయంత్రం వెలుతురు ఉండగానే చడీచప్పుడు లేకుండా మడమల దగ్గర కుడుతుంది. దోమలను ఒకే గాటన కట్టడం మనకే కాదు, మలేరియాను దోమలు మోస్తాయని నిరూపించిన వైద్యుడు రొనాల్డ్ రాస్‌కూ తప్పలేదు. ఆయన మలేరియా పరాన్నజీవి కోసం రెండేళ్లపాటు అసలు సంబంధం లేని జాతుల దోమలను కోసి కోసి విసిగిపోయి, చివరకు 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రెక్కల మీద మచ్చలున్న వేరే దోమను కోసినప్పుడు గానీ దాన్ని కనిపెట్టలేకపోయాడు.

వానలు లేని ఏడు డెంగీ రావడం మీకు వింతగా తోచింది. అందులో వింతేమీ లేదు. వానకూ ఈ జ్వరానికీ ఉన్న సంబంధం మనం అనుకున్నంత తిన్నగా ఉండదు. కుండపోత వాన రెండు మూడు రోజులు విడవకుండా కురిస్తే తొట్లు పొంగిపొర్లి పురుగులు కొట్టుకుపోతాయి, దోమలు కొన్నాళ్లు తగ్గుతాయి. ఆ తర్వాత ఎండ కాసి, టైర్లలో, కొబ్బరి చిప్పల్లో, పాత రోలులో, స్లాబు మీది గుంటల్లో నీళ్లు నిలిచిపోతే మూడు నాలుగు వారాలకు జ్వరాలు మొదలవుతాయి. ఇది అందరికీ తెలిసిన దారి. వాన ముఖం చాటేసినప్పుడు రెండో దారి తెరుచుకుంటుంది. నల్లా తగ్గుతుంది, బోర్లు ఎండుతాయి, జనం ఉన్న గిన్నె లేని గిన్నె నింపి పెట్టుకుంటారు. బార్బడోస్ ద్వీపంలో జరిగిన ఒక అధ్యయనంలో, తీవ్రమైన వర్షాభావం తర్వాత సుమారు ఐదు నెలలకు ఒకసారి, భారీ వానల తర్వాత నెల రోజులకు మరోసారి డెంగీ ముప్పు పెరగడాన్ని గమనించారు. మన పాలమూరు, నల్లగొండ వంటి మెట్ట జిల్లాల్లో ఈ రెండో దారి మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ నీళ్లు దాచుకోవడం ఏ ఒక్క కరువు ఏడాదికో పరిమితమైన పని కాదు.

వాతావరణం మారడం గురించి అడిగారు. డెంగీ వ్యాప్తికి అన్నిటికంటే అనువైన వేడి 29 డిగ్రీల దగ్గర ఉంటుందని పరిశోధకుల అంచనా. మలేరియాకు అది 25 డిగ్రీల దగ్గరే. వేడి పెరిగేకొద్దీ దోమ ఒంట్లో వైరస్ తొందరగా పండుతుంది. 25 డిగ్రీల దగ్గర సుమారు రెండు వారాలు పట్టేది, 30 డిగ్రీల దగ్గర వారం రోజుల్లో ముగుస్తుంది. దోమ ఆయుష్షే రెండు నుంచి నాలుగు వారాలు కనుక, ఆ ఒక్క వారం తేడాతో అది కుట్టగల మనుషుల సంఖ్య ఎంతో మారిపోతుంది. అలాగని వేడి ఎంత పెరిగితే జ్వరం అంత పెరుగుతుందనీ కాదు. మన మే నెల ఎండలకు, నలభై దాటిన పొడి గాలికి ఈ దోమ తాళలేదు. అయితే అది తొట్టి గోడకు, నీటి మట్టానికి కాస్త పైన అంటించిన గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. తొలకరికి తొట్టి నిండగానే అవి పొదుగుతాయి. కాబట్టి వాతావరణ మార్పు మన జిల్లాకు తెచ్చే మార్పు మే నెలలో కాక, వానల మధ్య పెరుగుతున్న ఎడంలోను, వెచ్చబడుతున్న రాత్రుల్లోను, నవంబరు దాకా సాగే జ్వరాల్లోను కనిపిస్తుంది. 1950ల నాటితో పోలిస్తే ప్రపంచంలో డెంగీకి అనువైన పరిస్థితులు పెరిగాయి. 2024లో ప్రపంచవ్యాప్తంగా కోటీ నలభై లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. అయినా ఇక ప్రతి ఏడూ ఇదే గతి అనుకోవలసిన పని లేదు. జ్వరానికి అనువైన కాలాన్ని ఆకాశం తెస్తుంది, దోమకు తొట్టిని మాత్రం మనమే ఇస్తాం. మొదటిది మీ చేతిలో లేదు, రెండోది ఉంది.

ఇక మీ అత్తమ్మ సంగతి. మర్రిగూడ వైపు పుట్టి పెరిగిన మనిషి అని రాశారు. ఆ తరానికి మంచినీళ్లంటే ఏమిటో మనం ఊహించలేం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య, తియ్యటి నీళ్ల బావి కోసం బిందెతో మైళ్లు నడిచినవాళ్లు వాళ్లు. మిషన్ భగీరథ నీళ్లు ఇప్పుడు ఇంటి ముందుకు వస్తున్నా, అవి రేపు వస్తాయన్న నమ్మకం ఆమెకు కుదరలేదు. మీరే రాసినట్టు నల్లా రెండు రోజులు రాకుండా పోతుంటే ఆ నమ్మకం ఎట్లా కుదురుతుంది? గాబు నింపుకోవడం ఆమె మూర్ఖత్వం కాదు, ఈ నేల వాతావరణం నేర్పిన జాగ్రత్త. ఆ జాగ్రత్తనే దోమ వాడుకుంటోంది. మీరు నీళ్లు పారబోసిన రోజు, ఆమె దృష్టిలో మీరు దోమల మీద కాకుండా ఆమె బతుకు మీద చేయి వేశారు. అన్నం ముట్టకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు.

అందుకని వాదన మానేసి ఒక పని చేయండి. పొద్దున్నే అత్తమ్మను గాబు దగ్గరికి పిలిచి, టార్చిలైటు కొట్టి, నీళ్లు కదలకుండా ఒక నిమిషం చూడమనండి. ఈడిస్ పిల్లలు ఉంటే నీటి మీద తోకను ఆనించి తలకిందులుగా వేలాడుతుంటాయి. నీడ పడగానే గింగిర్లు కొడుతూ అడుక్కు దిగి, కాసేపటికి గాలి కోసం మళ్లీ పైకి వస్తాయి. ఆ పురుగులను ఒక గాజు సీసాలో నీళ్లతో సహా తీసి, మూతికి పల్చని గుడ్డ కట్టి కిటికీలో పెట్టండి. కొద్ది రోజుల్లో అదే సీసాలో చారల కాళ్ల దోమలు తేలుతాయి. మనవడిని కుట్టే దోమ ఎక్కడి నుంచి వస్తుందో ఆమె కళ్లారా చూస్తారు. చూశాక వాటిని బయటకు వదలకుండా సీసాను సబ్బునీళ్లలో ముంచేయండి. ఒకవేళ గాబులో పురుగులే లేకపోతే, మీరు అత్తమ్మకు ఒక మాట బాకీ పడినట్టే. అప్పుడు వెతకవలసింది మరో చోట.

దీని తర్వాత మీ ముందు కొన్ని మార్గాలు ఉన్నాయి, ప్రతిదానికీ దాని ఖర్చు దానికుంది.

మొదటిది, ఉన్నచోటనే ఉండి నీళ్లు దాచే తీరు మార్చుకోవడం. గాబుకు బిగుతుగా కూర్చునే మూత చేయించండి, రేకు అయినా సరే, చెక్క అయినా సరే. సందులుంటే లాభం లేదు, దోమకు వేలు పట్టే సందు చాలు. మూత కుదరని గోళేలకు పాత నూలు చీరను రెండు మడతలు వేసి తాడుతో కట్టండి, గుడ్డ నీళ్లలోకి జారకుండా చూడండి. వారానికి ఒక రోజు, చాలా ఊళ్లలో శుక్రవారం డ్రై డే పాటిస్తున్నారు కనుక ఆ రోజే, ఒక్కో పాత్రను ఖాళీ చేసి లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పారబోసి ఊరుకుంటే లాభం లేదు. ఆ వేసవిలో మీరు చేసింది సరిగ్గా అదే: నీళ్లూ పోయాయి, గుడ్లూ మిగిలాయి. ఖాళీ చేసే నీళ్లను పారబోయకుండా గుడ్డలో వడగట్టి బర్రెలకో, పెరటి చెట్లకో వాడండి, చుక్క వృథా కాలేదని అత్తమ్మకు తెలిసేలా. నల్లా వచ్చే రోజుకు ముందు రోజు ఈ పని పెట్టుకుంటే ఇంట్లో నీళ్లకు ఇబ్బంది ఉండదు. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనుక ట్రే, పశువుల తొట్టి కూడా మరవకండి. ఈ మార్గంలో డబ్బు ఖర్చు తక్కువ, ఒళ్లు వంచవలసింది ఎక్కువ. జూన్ నుంచి నవంబరు దాకా ఒక్క వారం తప్పినా దోమకు అది చాలు. మరో చిక్కు కూడా ఉంది. మీరొక్కరు చేసి పక్కిళ్లు చేయకపోతే ఫలితం సగమే.

కాబట్టి వీధివాళ్లతో కలిసి ఆశా కార్యకర్తను, పంచాయతీ కార్యదర్శిని అడగవలసింది ఫాగింగ్ కాదు. పొగ బండి వచ్చిందంటే పిల్లలకు సంబరం, సర్పంచికి పేరు. ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, గాబులోని పురుగులకు ఆ పొగ తగలనైనా తగలదు, వారంలో కొత్త దోమలు లేస్తాయి. జ్వరాలు ఎగబాకినప్పుడు దానికి కొంత అవసరం ఉంది, కాదనను. అంతకంటే ముందు నల్లా ఏ రోజు వస్తుందో, ఎన్ని గంటలకు వస్తుందో ఖచ్చితంగా చెప్పి ఆ మాట నిలబెట్టుకోమని అడగండి. నా దృష్టిలో వేళకు వచ్చే నల్లాను మించిన దోమల మందు లేదు. రేపు నీళ్లు వస్తాయని తెలిస్తే ఎవరూ నాలుగు పాత్రలు నింపి పెట్టుకోరు.

రెండోది, హయత్‌నగర్. మీ వారికి అక్కడ మంచి పని దొరుకుతుందనో, పిల్లవాడి చదువుకనో వెళ్లాలనుకుంటే అది వేరే లెక్క, ఆ లెక్కలో తప్పు లేదు. డెంగీ నుంచి తప్పించుకోవడానికి మాత్రం వెళ్లకండి. ఈ దోమ పల్లెకంటే పట్నానికే ఎక్కువ అలవాటు పడింది. నగరం అంచున కొత్తగా కడుతున్న భవనాల సెల్లార్లు, సంపులు, మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకులు, ట్యాంకర్ నీళ్లు నింపిన డ్రమ్ములు దానికి కావలసినన్ని. పైగా అద్దె ఇంట్లో పైన ట్యాంకు మూత వేయించే హక్కు మీకు ఉండదు. అప్పు ఉండగా అద్దె తోడవుతుంది, అత్తమ్మ ఒంటరిగా మిగులుతారు.

మూడోది, పిల్లవాణ్ని అమ్మమ్మ దగ్గరికి పంపడం. అచ్చంపేట పొడి నేల కనుక దోమలు ఉండవన్న ఊహ వినడానికి బాగుంది. పొడి నేలలోనే మనుషులు నీళ్లు ఎక్కువ దాచుకుంటారని పైన చెప్పాను కదా. మీ అమ్మగారింట్లో ఎన్ని గోళేలు ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. అక్కడికి పంపితే పిల్లవాడికి తల్లి దూరమవుతుంది, దోమ దూరం కాకపోవచ్చు. సెలవులకు పంపితే పంపండి, వైద్యం అనుకుని పంపవద్దు.

ఏ మార్గం ఎంచుకున్నా ఒక విషయం మీ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. మీ అబ్బాయికి వచ్చిన రకం మళ్లీ రాదు, తక్కిన మూడు రావచ్చు. రెండోసారి వేరే రకం సోకితే జ్వరం తీవ్రమయ్యే అవకాశం మొదటిసారి కంటే ఎక్కువ. చాలామందికి రెండోసారి కూడా మామూలుగానే తగ్గిపోతుంది కనుక దీనికి బెంబేలు పడవద్దు, కానీ జ్వరం వస్తే పోయినసారి లాగా చేయకండి. పారాసిటమాల్ తప్ప నొప్పి మాత్రలు, సూదులు వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగీ అవునో కాదో తేల్చుకోవడానికి మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష, ఆ తర్వాతైతే ఐజీఎం అనే రక్తపరీక్ష చేయించాలి. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి రాసిస్తారు, పిల్లవాడికి ఇంతకుముందు డెంగీ వచ్చిందని తప్పకుండా చెప్పండి. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ తాగిస్తూ ఉండండి. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగినప్పుడు ఊపిరి పీల్చుకోకండి, అసలు కాపలా కాయవలసిన ఒకటి రెండు రోజులు అవే. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే దవాఖానకు తీసుకుపోవాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి కంగారుపడి, లేదా అంకె బాగుందని ధైర్యపడి కూర్చోవద్దు.

మందు సంగతి. ఆరోగ్య సిబ్బంది టెమిఫాస్ అనే మందును కొలత ప్రకారం నిల్వ నీళ్లలో వేస్తారు. ఆ కొలతలో అది తాగే నీళ్లకు కూడా ప్రమాదం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతించింది. అయినా మీ అత్తమ్మకు మనసొప్పకపోతే తాగే బిందెలను వదిలి, గాబుకూ పశువుల తొట్టికీ మాత్రమే వేయించండి, లేదా పశువుల తొట్టిలో దోమ పురుగులను తినే గంబూసియా చేపలు వదిలించమని అడగండి. మీరు సొంతంగా కొలత లేకుండా ఏ మందూ కలపవద్దు. కిరోసిన్, వాడిన ఇంజన్ ఆయిల్ వంటివి ఇంటి వెనుక మురుగుగుంటకు పనికొస్తాయేమో గానీ, గాబులో మాత్రం చుక్క కూడా వేయకూడదు.